నిచ్చెన గోడకు ఆనకముందే: బరంపురంలో ఏసీ బిగించేవాళ్ళతో నా లెక్కలు

మా కొట్లో మొదటి ఏసీ పెట్టింది మనుషుల కోసం కాదు, చీరల కోసం. వానాకాలంలో పట్టు మడతల్లోకి చెమ్మ దిగితే జరీ నల్లబడుతుంది. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ శ్రావణం రాగానే బీరువాలు ఖాళీ చేసి, మడతలు మార్చి, మళ్ళీ సర్దేవారు. నాకంత ఓపిక లేదు. కూలరు చాలదా అన్నారు మా ఆయన. మాది ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి 16 కిలోమీటర్లు. గాలి అప్పటికే తడితో బరువెక్కి ఉంటే కూలర్లో నీళ్ళు ఆవిరి కావు, గది చల్లబడదు, చీరలకు ఇంకాస్త చెమ్మ మాత్రం అంటుతుంది. కూలర్లు చంద్రపూర్ లాంటి పొడి ఎండల ఊళ్ళకి బావుంటాయి.

ఏసీ మంచిదే కొన్నాం. బిగింపు దగ్గరే చెడింది.

షాపువాళ్ళు పంపిన మనిషి నలభై నిమిషాల్లో పని ముగించేశాడు. ఎంత చురుకో అని మజ్జిగ కూడా ఇచ్చాను. పైపులు కలిపాక బయటి యూనిట్ దగ్గర ఒక నట్టు కాస్త వదులు చేసి, వాల్వు తిప్పి, రెండు సెకన్లు బుస్సుమనిపించి మళ్ళీ బిగించాడు. "పైపులో ఉన్న గాలి పోయిందమ్మా" అన్నాడు. డ్రెయిన్ పైపు కిటికీ మీదుగా వదులుగా, నడుం జారినట్టు వేలాడదీశాడు. రెండు నెలలకి ఆ జారిన చోట నీళ్ళు నిలబడి, వెనక్కి తన్ని, పెళ్ళి ఆర్డరు కట్ట మీద రాత్రంతా బొట్టుబొట్టుగా పడ్డాయి. తొమ్మిది చీరల్లో రెండు పోయాయి.

మరుసటి వేసవికి చల్లదనం పలచబడింది. అదే మనిషి వచ్చి గ్యాస్ అయిపోయిందని 2,800 తీసుకున్నాడు. ఆ పై ఏడాది మళ్ళీ అదే మాట, అదే రేటు. ఏసీ గ్యాసు పెట్రోలులా వాడితే అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే. ఎక్కడ కారుతోందో చూపించకుండా గ్యాసు నింపుతానంటే ఒప్పుకోకండి.

మూడోసారి ఎదురు కొట్టువాళ్ళు చెబితే ఒక ఒరియా కుర్రాడిని పిలిచాను. బరంపురం ఐటీఐలో చదివాడు. "మావుసీ (అంటే పిన్నీ), కాస్త సబ్బు నీళ్ళు ఇస్తారా" అన్నాడు. గిన్నెలో నురగ చేసి, పాత బ్రష్షుతో బయటి యూనిట్ నట్ల మీద పూశాడు. మూడు నట్ల మీద నురగ అలాగే కూచుంది. నాలుగో దాని అంచున ఆవగింజంత బుడగ లేచింది. అది శెనగగింజంత అయి పగిలింది, వెంటనే ఇంకోటి లేచింది. నా రెండేళ్ళ డబ్బు అక్కడి నుంచే పోయింది. నట్టు విప్పి చూపించాడు: రాగి పైపు నోరు వెడల్పు చేసినప్పుడు అంచున సన్నని చీలిక పడింది. పైపు కోశాక అంచు నునుపు చేయకుండా నోరు తెరిస్తే అలాగే చీలుతుందట.

అప్పటినుంచీ ఫోన్లో నేనడిగే మొదటి ప్రశ్న "ఎంత తీసుకుంటారు" కాదు, "వాక్యూమ్ పంపు తెస్తారా". కొత్త పైపులో గాలి ఉంటుంది, గాలిలో చెమ్మ ఉంటుంది. పంపుతో లాగేయకపోతే ఆ చెమ్మ కంప్రెసర్ నూనెను పాడు చేస్తుంది. బుస్సుమనిపించడం దానికి బదులు కాదు, పైగా కొత్త యూనిట్లో నింపి వచ్చిన గ్యాసును గాలికి వదలడం. మా కుర్రాడు ముందు నైట్రోజన్ ఎక్కించి లీకు చూస్తాడు, తర్వాత అరగంట పంపు నడిపి, ఆపి, గేజి ముల్లు కదలకుండా ఉందో లేదో నన్నే చూడమంటాడు. గ్యాసు మళ్ళీ నింపాల్సి వస్తే కాటా కూడా ఉండాలి. బయటి యూనిట్‌కి అంటించిన కాగితం మీద గ్యాసు పేరూ, ఎన్ని గ్రాములో రాసి ఉంటాయి, అంతే పట్టాలి. ఇప్పుడు ఎక్కువ ఏసీల్లో వచ్చేది ఆర్-32, అది నిప్పు అంటుకునే రకం. కొన్నిటిలో ఆర్-290 ఉంటుంది, అంటే ప్రొపేనే, ఇంకా తొందరగా అంటుకుంటుంది. బీడీ వెలిగించి పని చేసేవాడిని మెట్ల దగ్గరే ఆపేయండి.

ఇక లైసెన్సు. ఏసీ గోడకి బిగించి పైపులు కలపడానికి వేరే సర్కారు లైసెన్సంటూ నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. నేను అడిగేది ఐటీఐ సర్టిఫికెట్టు, లేదా కంపెనీ సర్వీసు కార్డు. కరెంటు లైను సంగతి వేరు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, స్విచ్చి మార్చడంలాంటివి తప్ప, కొత్త వైరింగు రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలి. ఒడిశాలో ఆ లైసెన్సు ఇచ్చేది ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. మనకి సరిహద్దు అవతల ఆంధ్రాలోని ఇచ్ఛాపురం నుంచి కూడా పనివాళ్ళు వస్తారు, తెలుగులో హాయిగా మాట్లాడతారు, రేటూ కాస్త తక్కువే. పైపుల పనికి పిలుచుకోండి. మీటరు దగ్గర్నుంచి లైను లాగించాలంటే మాత్రం ఒడిశా బోర్డు లైసెన్సు చూపించమనండి, గడువు తేదీ కూడా చూడండి. లోడు పెంచమని కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టినప్పుడు మా కాంట్రాక్టరు సంతకం చేసిన వైరింగ్ టెస్టు రిపోర్టు కూడా జత చేశాం.

టన్నున్నర ఏసీకి మా కాంట్రాక్టరు 4 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, విడిగా 20 ఆంపియర్ల ఎం.సి.బి. (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్చి) వేశాడు. పాత ప్లగ్గుకి తగిలించనివ్వలేదు. ఎర్తింగ్ గొయ్యి కొత్తగా తవ్వి బొగ్గూ ఉప్పూ వేశాడు. వేసవిలో వారానికోసారి బక్కెట్టు నీళ్ళు పోయమన్నాడు, పోస్తున్నాను.

పోయినేడు రెండో ఏసీకి నాకైన లెక్క ఇది, మీ వీధిలో కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. బిగింపు కూలి 1,500. స్టాండు 700. గోడకి రంధ్రం 300. పెట్టెతో 3 మీటర్ల పైపు వచ్చింది, మాకు 5 మీటర్లు కావలసొచ్చింది, ఆ అదనం 1,600. మొత్తం 4,100. వైరు, ఎం.సి.బి., ఎర్తింగ్ కలిపి కరెంటు కాంట్రాక్టరుకి విడిగా 5,800. పైపు దగ్గర జాగ్రత్త. మొదటిసారి "పైపు 250" అంటే మీటరుకనుకున్నాను, బిల్లులో అడుగుకని తేలింది. మీటరంటే మూడడుగుల పైమాట. ఇప్పుడు రేటు, కొలత రెండూ కాగితం మీద రాయించి సంతకం పెట్టించాకే నిచ్చెన ఎక్కనిస్తాను. ముసలమ్మ చాదస్తం అనుకుంటారు, అనుకోనీండి.

జీఎస్టీ సంగతి కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద 28 శాతం పోయి 18 అయింది, పాత కొటేషన్ చూపిస్తే తిప్పి పంపండి. సేవల మీద ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉన్న చిన్న మెకానిక్కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నంబరు లేనివాడు మన దగ్గర పన్ను వసూలు చేయకూడదు. బిల్లులో పన్ను వేస్తే 15 అంకెలూ అక్షరాల నంబరు అడగండి. ఒడిశాది 21తో మొదలవుతుంది, ఆంధ్రాది 37తో.

బయటి యూనిట్ ఎక్కడ పెట్టాలన్నది మన ఊళ్ళో చిన్న విషయం కాదు. గోపాల్‌పూర్‌లో మా ఆడపడుచు వాళ్ళది సముద్రం వైపు గోడకి పెట్టారు. మూడేళ్ళకి దాని రేకులు చేత్తో ముడితే అప్పడంలా పొడయ్యాయి. ఉప్పుగాలి నేరుగా తగలని గోడ చూడండి, కాయిల్ రాగిదేనా, పైన పూత ఉందా అని కొనేటప్పుడే అడగండి, నెలకోసారి మంచినీళ్ళతో మెల్లగా కడగండి. సన్‌షేడ్ మీద ఊరికే నిలబెడతానంటే వద్దనండి. 2013 అక్టోబరులో పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఆ రాత్రి గాలి చూసినవాళ్ళకి గోడలోకి దిగే యాంకర్ బోల్టులతో బిగించడం ఎందుకో చెప్పక్కర్లేదు.

కొరాపుట్‌లో మా అక్క చలికాలంలో వేడిగాలి కూడా ఇచ్చే ఏసీ కొంది. దానిక్కూడా ఇవే పైపులు, ఇవే నట్లు, ఇదే సబ్బు నురగ.

సర్వీసుకి శివరాత్రి లోపే పిలవండి, 600తో పోతుంది. ఉగాది దాటాక ఫోన్ చేస్తే మా కుర్రాడు కూడా "కాలి ఆసిబి మావుసీ" అంటాడు, అంటే రేపు వస్తానని. ఒరియాలో కాలి అంటే రేపూ అదే, నిన్నా అదే.