చెరువు నీళ్ళ తగవు ఎంతుందో లెక్క తేల్చే పద్ధతి

మా చిత్తూరు జిల్లాలో చెరువు నిండి మొరవ (అలుగు) పోయిందంటే ఊరంతా పండగే. ఆ వెంటనే తూము దగ్గర పంచాయితీ మొదలవుతుంది. ఆయకట్టు రైతు వరికి వదలమంటాడు. బోర్ల మీద బతికే రైతు తూము మూసేయమంటాడు, నీళ్ళు నిలిస్తే బోర్లలోకి ఊట దిగుతుందని. చేపల సంఘానికి వేసవి దాకా లోతు తగ్గకూడదు. ఆవులున్న ఇళ్ళ ఆడవాళ్ళకు ఏడాది పొడుగునా కాస్తయినా నీళ్ళుండాలి. 'ఊరంతా గొడవే' అని వదిలేస్తే ఏమీ తేలదు. ఎవరికి ఎవరితో, ఏ విషయంలో, ఎంత తగవుందో లెక్కగట్టవచ్చు. చెరువు మీటింగుల్లో నేను చేసే పద్ధతి చెబుతాను.

ముందు చేయగలిగిన పనులనే చీటీల మీద రాయండి. 'రైతుకు న్యాయం జరగాలి' అని రాస్తే కాదనేవాళ్ళుండరు, లెక్కా రాదు. నాలుగు చీటీలు చాలు: మొత్తం వదలడం, సగం వదలడం, ఊటకు నిలపడం, చేపలకు నిలపడం. చదవలేనివాళ్ళ కోసం బొమ్మలు గీయండి.

తర్వాత ఒక్కో వర్గంతో విడిగా కూర్చోండి. ఇది చాలా ముఖ్యం. 1997 నాటి సాగునీటి సంఘాల చట్టంలో ఓటు ఆయకట్టు భూమి ఉన్నవాళ్ళకు, రికార్డుల్లో ఉన్న కౌలుదార్లకే. ఆవులు మేపే మనిషికి ఓటు లేదు, కానీ నీళ్ళతో పనుంది. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే వాళ్ళ నోరు పెగలదు. ఆయకట్టునూ ఒకే వర్గం అనుకోవద్దు. తూము పక్క మడికీ, కాలువ చివరి మడికీ కోరిక ఒకటి కాకపోవచ్చు. రెండు చోట్లా అడిగి, వరస ఒకటే వస్తేనే కలపండి.

చీటీలను ఇష్టం కొద్దీ వరసగా పెట్టమనండి. లెక్క చూపడానికి నేను వేసిన ఉదాహరణ ఇది. ఆయకట్టు: మొత్తం, సగం, ఊట, చేపలు. బోర్ల రైతులు: ఊట, చేపలు, సగం, మొత్తం. చేపల సంఘం: చేపలు, ఊట, సగం, మొత్తం. ఆవులవాళ్ళు: సగం, ఊట, చేపలు, మొత్తం.

నాలుగు చీటీలకు ఆరు జతలొస్తాయి. ఇద్దరి వరసలు పక్కపక్కన పెట్టి, ఎన్ని జతలు తిరగబడ్డాయో, అంటే ఒకరు ముందు పెట్టినదాన్ని మరొకరు వెనక పెట్టారో, లెక్కించండి. రెండు వరసలు ఎంత కలుస్తాయో చూడటానికి గణాంక శాస్త్రవేత్త మారిస్ కెండాల్ 1938లో చెప్పిన కొలతకు మూలం ఇదే. ఆయకట్టుకూ చేపల సంఘానికీ ఆరుకు ఆరూ తిరగబడ్డాయి, ఇక అంతకు మించిన తగవు లేదు. ఆయకట్టుకూ బోర్లకూ ఐదు. బోర్లకూ చేపలకూ ఒక్కటే. ఆవులవాళ్ళను చూడండి: ఆయకట్టుతో మూడు, బోర్లతో రెండు, చేపలతో మూడు. ఎవరితోనూ మూడు జతలు దాటలేదు. మధ్యవర్తి మాట అడగాల్సింది వాళ్ళనే, ఓటు లేనివాళ్ళనే.

ఇప్పుడు మనుషులను పక్కనపెట్టి జతలను చూడండి. 'మొత్తం వదలడా'నికి ఏ చీటీ ఎదురు పెట్టినా ఒక వర్గం ఒకవైపు, మూడు ఒకవైపు. కేకలన్నీ దాని మీదే వినిపిస్తాయి గానీ అది తేలిన విషయమే. సగమా, ఊటా అంటేనే రెండు, రెండుగా చీలారు. సగమా, చేపలా అన్నా అంతే. అసలు ముడి 'సగం' దగ్గరుంది. మీటింగులో ఎక్కువ సమయం దానికే ఇవ్వండి.

వరస చూస్తే ఇష్టం తెలుస్తుంది, ఎంత గట్టిదో తెలియదు. అందుకని ప్రతి వర్గానికీ ఇరవై చింతగింజలిచ్చి చీటీల మీద పంచమనండి. ఒకే చీటీ మీద పదిహేడు పోస్తే అక్కడ బతుకు ఆధారపడి ఉందని అర్థం. ఒక్కోదాని మీద ఐదేసి పోస్తే ఏదైనా ఫరవాలేదని. పలమనేరు, కుప్పం వైపు బోర్లు వెయ్యి అడుగులు దాటడం కొత్తేమీ కాదు. అప్పు చేసి బోరు వేసిన రైతు గింజలన్నీ ఊట మీదే కుమ్మరిస్తే ఆశ్చర్యపోవద్దు.

అన్ని వర్గాల గింజలూ కలిపి సరాసరి మాత్రం తీయొద్దు. ఒకరి పదిహేడు, మరొకరి సున్నా కలిసి 'మధ్యస్థం'గా కనిపిస్తాయి, తగవు కాగితం మీద మాయమవుతుంది. పట్టిక పట్టికగానే పంచాయతీ గోడకు అంటించండి. జతల ఓట్లతోనే గెలుపు తేల్చాలనీ చూడొద్దు. ఒకటి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్ళీ మొదటిదాన్ని గెలిచే చిక్కు రావచ్చని ఫ్రెంచి గణితవేత్త కాండోర్సే 1785లోనే చూపాడు. మన పని తగవు ఎక్కడుందో చూపడం వరకే.

చివరగా, చీలిన జతను కట్ట మీదికి తీసుకెళ్ళండి. 'ఎంత దాకా దిగితే మీ బోరు తట్టుకుంటుంది?' అని బోర్ల రైతులను, 'ఎంత దాకా దించితే మీ పైరు గట్టెక్కుతుంది?' అని ఆయకట్టువాళ్ళను అడిగి, తూము రాతి మీద సుద్దతో చెరొక గీత గీయించండి. రెండు గీతల మధ్య ఎన్ని అడుగులుందో టేపుతో కొలిచి, ఆ అంకెను మినిట్స్ పుస్తకంలో రాయించి, నాలుగు వర్గాల చేతా సంతకాలు పెట్టించండి.