రీస్టోర్ విఫలమైతే సిస్టమ్ డిస్కును బ్యాకప్ నుంచి తిరిగి ఎలా తెచ్చుకోవాలి?

విండోస్ సిస్టమ్ ఇమేజ్ (సిస్టమ్ డిస్కు మొత్తానికి తీసిన బ్యాకప్ ప్రతి) రీస్టోర్ సగంలో ఎర్రర్ చూపి ఆగిపోయినప్పుడు, కంగారులో చాలామంది మళ్లీ అదే బటన్ నొక్కుతారు. దయచేసి ఆ పని చేయకండి. రీస్టోర్ మొదలైతే డిస్కులోని పాత పార్టిషన్లు (విభాగాలు) చెరిగిపోతాయి కనుక, మీ ఫోటోలకూ పత్రాలకూ మిగిలిన ఒకే ఒక్క ప్రతి ఆ బ్యాకప్ డ్రైవులోనే ఉండవచ్చు.

మొదట కంప్యూటర్ ఆపేసి, బ్యాకప్ డ్రైవును మరో కంప్యూటర్‌కు తగిలించి, ‘విండోస్‌ఇమేజ్‌బ్యాకప్’ ఫోల్డరును మొత్తంగా ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. ఆ ఫోల్డరు డ్రైవులో నేరుగా కనిపించేలా ఉండాలి. మరో ఫోల్డరులోకి జరిపినా, పేరు మార్చినా రీస్టోర్ ప్రోగ్రామ్ దాన్ని గుర్తించదు. వీలైతే పాత సిస్టమ్ డిస్కును పక్కన పెట్టి, కొత్త డిస్కులోకే రీస్టోర్ చేయండి.

కొత్త డిస్కు పరిమాణం పాతదానికి సమానంగా గానీ, అంతకంటే ఎక్కువగా గానీ ఉండాలి. నా 500 జీబీ హార్డ్ డిస్కు పాడైనప్పుడు, వాడింది 90 జీబీయే కదా అని 480 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చాను. రీస్టోర్ ఎన్నిసార్లు ప్రయత్నించినా ముందుకు సాగలేదు. అక్కడ లెక్కలోకి వచ్చేది నిండిన చోటు కాదు, పాత డిస్కు మొత్తం కొలత.

కొలత సరిపోయినా రీస్టోర్ ఆగిపోతుంటే బూట్ పద్ధతిని, అంటే కంప్యూటర్ మొదలయ్యే తీరును చూడాలి. యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో నడిచిన కంప్యూటర్ నుంచి తీసిన ఇమేజ్‌ను, పాత బయోస్ పద్ధతిలో బూట్ అయిన విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవు నుంచి రీస్టోర్ చేయలేము. చాలా కంప్యూటర్ల బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవు పేరు రెండుసార్లు కనిపిస్తుంది. పేరుకు ముందు ‘యూఈఎఫ్ఐ’ అని ఉన్నదాన్నే ఎంచుకోండి.

రీస్టోర్ పూర్తయిందని చెప్పినా విండోస్ తెరుచుకోకపోతే నిరాశపడకండి, ఎందుకంటే చాలాసార్లు ఫైళ్లన్నీ క్షేమంగానే ఉండి, బూట్ సమాచారం మాత్రమే దెబ్బతింటుంది. విండోస్ పెన్‌డ్రైవు నుంచి బూట్ చేసి, రిపేర్ విభాగంలో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. డిస్కు విభాగాలను చూపే డిస్క్‌పార్ట్ ప్రోగ్రామ్ నడిపి, ‘లిస్ట్ వాల్యూమ్’ ఇవ్వండి. ఫ్యాట్32 అని చూపే, తరచుగా 100 ఎంబీ మాత్రమే ఉండే, బూట్ ఫైళ్లకోసం కేటాయించిన చిన్న వాల్యూమ్‌ను సెలెక్ట్ చేసి, ‘అసైన్’ ఆదేశంతో దానికి ఎస్ అక్షరం ఇచ్చి బయటకు రండి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: ఈ తెరలో విండోస్ ఉన్న డ్రైవు సీ కాకుండా డీ లేదా ఈ కావచ్చు కాబట్టి, ‘డిర్’ ఆదేశంతో విండోస్ ఫోల్డరు ఎక్కడుందో కళ్లారా చూసుకోండి. అది డీలో ఉంటే ‘బీసీడీబూట్ డీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ’ అని, ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయండి. బూట్ ఫైళ్లు కొత్తగా తయారవుతాయి.

ఇంతా చేశాక నీలి తెరపై బూట్ డివైస్ అందడం లేదని వస్తే, బయోస్‌లో డిస్కుతో కంప్యూటర్ మాట్లాడే సాటా పద్ధతిని, ఏహెచ్‌సీఐ, రెయిడ్‌లలో ఇమేజ్ తీసినప్పుడు ఏది ఉందో దానికే మార్చండి. బయోస్ సెట్టింగులు డీఫాల్టుకు మారినప్పుడు ఇది తారుమారవుతుంది.

విండోస్ తెరుచుకున్నాక మీ ముఖ్యమైన ఫైళ్లను కొన్నింటిని తెరిచి చూడండి. ఇమేజ్ తీసిన తేదీ తరువాత చేసిన పని అందులో ఉండదు. దానికోసం పాత డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి వెతకవచ్చు. దానికి బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. కావలసినవన్నీ దొరికేవరకు ఆ డిస్కును ఫార్మాట్ చేయకండి.