తొట్టిలో నత్తలు: జత కుదరనప్పుడు, గుడ్లు నిలవనప్పుడు

రెండు మిస్టరీ నత్తలున్నాయి, ఎన్నాళ్లైనా గుడ్లు లేవు
మిస్టరీ నత్తలంటే చేపల తొట్టిలో పెంచే ఒక రకం యాపిల్ నత్తలు. వీటిలో ఆడ, మగ వేరు. పెంకు చూసి చెప్పడం కష్టం. ఒకటి ఇంకోదానిపైకి ఎక్కిందని జత అనుకోకండి, మగవి మగవాటిపైకీ ఎక్కుతాయి. నాలుగైదు కలిపి తెచ్చుకోవడమే సులువు. పసుపు, నీలం, ఊదా ఏ రంగైనా మిస్టరీ నత్తలు వాటిలో అవి కలుస్తాయి. తొట్టిలో పెంచే వేరే రకాలైన నెరైట్‌తోనో రామ్స్‌హార్న్‌తోనో మాత్రం జతకట్టవు.

మగది గంటల తరబడి వదలడం లేదు
అది మామూలే. బలవంతంగా లాగితే రెండిటికీ దెబ్బ తగులుతుంది. ఆడది తిండి మానేసి నీరసిస్తుంటే, విడిపోయాక కొన్నాళ్లు వేరే తొట్టిలో ఉంచండి.

ఒక్కటే తెచ్చాం, పిల్లలెలా వచ్చాయి?
రామ్స్‌హార్న్ అయితే ప్రతి నత్తా ఆడా మగా రెండూ. మలేషియన్ ట్రంపెట్ అనే రకం నత్త మగ తోడు లేకుండానే పిల్లల్ని కంటుంది. మిస్టరీ ఆడదైతే షాపులోనే జతకట్టి, ఆ వీర్యాన్ని నెలల పాటు దాచుకుని ఉండొచ్చు. మొక్కలకు అంటుకుని వచ్చిన గుడ్లూ కారణమే. మేత తగ్గిస్తే సంఖ్య తగ్గుతుంది.

అద్దమంతా తెల్ల చుక్కలు, పిల్లలు మాత్రం లేవు
నెరైట్ గుడ్లు. వాటి పిల్లలకు ఉప్పదనం ఉన్న నీళ్లు కావాలి, మన తొట్టిలో బతకవు. బ్లేడుతో గీకేయండి.

గుడ్ల గుత్తి ఎండిపోయింది
మిస్టరీ నత్త గుడ్లు నీటికి పైన, అద్దానికి పెడుతుంది. నల్లగొండ ఎండలో, ఫ్యాను గాలికి అవి ఎండిపోతాయి, నీళ్లలో మునిగితే కుళ్లిపోతాయి. నీటిమట్టం మూడు నాలుగు అంగుళాలు తగ్గించి మూత పెట్టండి. పొదగడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

పెంకుకు గుంటలు, అంచు పలచన
మన దగ్గర అసలు సమస్య ఇదే అంటాను. ఫ్లోరైడ్ భయంతో ప్లాంటు నీళ్లు తాగడం అలవాటైంది, ఆ క్యానే తొట్టిలోనూ పోస్తాం. కానీ ఆర్వో ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియాన్నీ తీసేస్తుంది. పెంకుకూ, గుడ్ల పైపొరకూ కాల్షియమే ఆధారం, గుడ్లు పెట్టే ఆడదానికి ఇంకా ఎక్కువ కావాలి. మంచినీటి నల్లా నీళ్లకు క్లోరిన్ పోగొట్టే మందు వేసి వాడండి. బోరు నీళ్లు ఊరికో తీరు, కాబట్టి ముందు హార్డ్‌నెస్ (నీటి కఠినత్వం) చూసుకోవాలి. పక్షుల కోసం అమ్మే కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి గట్టి పెంకు) ముక్క వేయొచ్చు, లేదా ఉడికించి ఆరబెట్టిన కోడిగుడ్డు పెంకులు వేయొచ్చు. గుంటపడ్డ చోటు మళ్లీ పూడదు, కొత్తగా పెరిగే అంచు మాత్రం గట్టిపడుతుంది. ఇంకో సంగతి, రాగి ఉన్న చేపల మందు నత్తల్ని చంపేస్తుంది.

పిల్లలు మరీ ఎక్కువయ్యాయి
గుత్తి మెత్తగా ఉన్నప్పుడే తీసి ఫ్రీజర్‌లో పెట్టి పారేయండి. చెరువులోనో సాగర్ కాలువలోనో వదలొద్దు. మిస్టరీ నత్తల కుటుంబానికే చెందిన గోల్డెన్ యాపిల్ నత్త ఫిలిప్పీన్స్‌లో వరి నాట్లను తినేసి రైతుల్ని ముంచింది. ఇక్కడ కాలువ కింద ఉన్నదీ వరే.