ఫెయిరింగ్ పగులు వెల్డింగ్ చేసే ముందు

ముందుగా ఫెయిరింగ్ ప్యానెల్‌ను, అంటే బైకు మీది ప్లాస్టిక్ తొడుగును, బండి నుంచి విప్పి దూరంగా తెచ్చుకోండి. పెట్రోలు ట్యాంకు పక్కన ప్లాస్టిక్ కరిగించే వేడి ఐరన్‌తో పని చేయడం ధైర్యం కాదు, తెలివితక్కువతనం.

ఏ ప్లాస్టిక్కో తెలియకుండా పని మొదలుపెట్టవద్దు. ప్యానెల్ వెనక ఏబీఎస్, పీపీ (పాలీప్రొపిలీన్) వంటి ప్లాస్టిక్ రకం తెలిపే అక్షరాలు అచ్చులోనే వచ్చి ఉంటాయి. పగులులో కరిగించి నింపే వెల్డింగ్ కడ్డీ కూడా అదే రకం కావాలి. ఏబీఎస్ మీద పీపీ కరిగించి పెడితే అతికినట్టే కనిపిస్తుంది, మొదటి గతుకుకే ఊడుతుంది. గుర్తు కనబడకపోతే లోపలి అంచు నుంచి పెయింటు పడని చిన్న ముక్క కోసి నీళ్లలో వేయండి. పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. ఇది అంచనాకే పనికొస్తుంది, ఎందుకంటే మునిగే ప్లాస్టిక్‌లు ఇంకా ఉన్నాయి.

- ఏబీఎస్ కరిగితే స్టైరీన్ అనే హానికరమైన ఆవిరి వస్తుంది. దుమ్ము మాస్కు దాన్ని ఆపదు. కార్బన్ ఫిల్టరు మాస్కు పెట్టుకోండి, ఆరుబయటే కూర్చోండి.
- పగులుకు ఇరువైపులా రంగు పూర్తిగా గీకేయండి. ఆ దుమ్ము కళ్లలో పడకుండా కళ్లద్దాలు.
- తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. అది మండేది, పూర్తిగా ఆరాకే వేడి తగలాలి. ఎసిటోన్ ఏబీఎస్‌నే కరిగిస్తుంది, జోలికి పోవద్దు.
- పగులు చివర సుమారు 3 మి.మీ. రంధ్రం వేయండి. లేకపోతే అతుకు గట్టిగానే ఉంటుంది, చీలిక మాత్రం ముందుకు పాకుతుంది.
- పగులు కదలకుండా ముందువైపు అల్యూమినియం టేపు అంటించి, బోల్టు రంధ్రాలు బండికి సరిపోతున్నాయో ఒకసారి పెట్టి చూడండి. వంకరగా అతికాక సరిచేయడం నరకం.
- పాత ముక్క మీద వేడి పరీక్షించండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగితే తగ్గించాలి.