పాలమూరులో సొంతంగా ఫుడ్ డెలివరీ పెట్టడం ఎలా?

ఫుడ్ డెలివరీ పెడతామంటూ నా దగ్గరికొచ్చే పిల్లలందరిదీ మొదటి ప్రశ్న ఒక్కటే. "అన్నా, యాప్ చేపియ్యాలంటే ఎంతైతది?" నేను అడిగేదీ ఒక్కటే. "మధ్యాహ్నం ఒంటిగంటకు బిర్యానీ హోటల్ కౌంటర్ కాడ ఎప్పుడన్న నిలబడ్డవా తమ్మీ?" పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో రెండేళ్లు ఈ పని చేశాను. మొదటి ఆరు నెలల్లో పోయిన పైసలన్నీ ఆ కౌంటర్ దగ్గర నిలబడకుండానే మొదలుపెట్టినందుకు పోయాయి.

పెద్ద కంపెనీలు పెట్టినవాళ్లు కూడా యాప్‌తో మొదలుపెట్టలేదు. జొమాటో పెట్టిన దీపిందర్ గోయల్, పంకజ్ చడ్డా ఢిల్లీలో బెయిన్ అనే వ్యాపార సలహాల కంపెనీ ఉద్యోగులు. ఆఫీసులో మెనూ కార్డుల కోసం జనం వరస కట్టడం చూసి, వాటిని స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. అది 2008లో ఫుడీబే, 2010లో జొమాటో అయింది. ఇంటికి తిండి చేర్చే పనిలోకి దిగింది 2015లో. స్విగ్గీ పెట్టిన వాళ్లలో ఒకడు, విజయవాడలో పుట్టిన శ్రీహర్ష మాజేటిదైతే ఇంకో దారి. బిట్స్ పిలానీ, కలకత్తా ఐఐఎం, లండన్‌లో ఉద్యోగం అయ్యాక, నందన్ రెడ్డితో కలిసి 2013లో బండిల్ పెట్టాడు. చిన్న ఆన్‌లైన్ వ్యాపారులను కొరియర్ కంపెనీలతో కలపడం దాని పని. అది సాగలేదు. రాహుల్ జైమినీ తోడయ్యాక 2014లో బెంగళూరు కోరమంగళలో స్విగ్గీ మొదలైంది. వీళ్ల ప్రత్యేకత సొంత డెలివరీ బాయ్స్. హోటల్ తన మనిషిని పంపుతుందని ఎదురుచూడలేదు.

ముందు వారం రోజులు కౌంటర్ దగ్గర నిలబడండి

ఒక నోటుబుక్కు, ఒక పెన్ను చాలు. మీరు డెలివరీకి తీసుకోవాలనుకునే ప్రతి హోటల్లో రెండే రాసుకోండి: ఆర్డర్ చెప్పిన టైము, పార్సిల్ చేతికొచ్చిన టైము. ఆదివారం తప్పకుండా వెళ్లండి. ఆ రోజు కూర్చుని తినే జనం పోటెత్తితే పార్సిల్‌ను పట్టించుకునేవాళ్లుండరు. "పది నిమిషాల్ల ఇస్త" అని ఓనర్ చెప్పే మాట కాదు, వంట మాస్టర్ చేతి వేగం మీకు కావాలి. మంచి రుచి, ఇరవై ఐదు నిమిషాల ఆలస్యం ఉన్న హోటల్ కన్నా, మామూలు రుచి, ఎనిమిది నిమిషాల్లో కట్టిచ్చే హోటల్ మీకు లాభం. తినేవాడిగా ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది.

లెక్క కాగితం మీద వేయండి

ఉదాహరణకు సగటు బిల్లు 220 రూపాయలు అనుకుందాం. హోటల్ ఇచ్చే కమీషన్ 15 శాతమైతే 33, కస్టమర్ ఇచ్చే డెలివరీ చార్జి 25, మొత్తం 58. డెలివరీ పిల్లగాడికి ఆర్డర్‌కు 35, కవర్లు, ఫోన్లు, తప్పుగా పోయిన ఆర్డర్ల వాపసు కలిపి 8 పోతే మిగిలేది 15. రోజుకు 40 ఆర్డర్లు వస్తే 600. నెలకు 18,000. ఫోన్ ఎత్తే మనిషికి 12,000 ఇస్తే మీకు ఆరు వేలు.

ఇక డెలివరీ పిల్లగాడి వైపు నుంచి చూడండి. మన ఊళ్లో గిరాకీ ఉండేది మధ్యాహ్నం రెండు గంటలు, రాత్రి రెండు గంటలు. హోటల్ దగ్గర పావుగంట నిలబడితే గంటకు రెండు ఆర్డర్లే, అంటే రోజుకు 280 రూపాయలు. పెట్రోలు కూడా అందులోనే. నెల తిరక్కముందే మానేస్తాడు. నిలబడే టైము ఐదు నిమిషాలకు తగ్గితే గంటకు మూడు పడతాయి, 420 చేతికొస్తుంది. కమీషన్ రెండు శాతం పెంచమని ఓనర్‌తో గొడవపడేకన్నా "సేఠ్, పార్సిల్‌కు ఒక పిల్లగాణ్ని పక్కన పెట్టు" అని బతిమాలడం మేలు.

అడ్రసులు

"రామాలయం ఎనక గల్లీ, నీలం గేటు" అని చెప్తారు. ఆ గల్లీలో నీలం గేట్లు మూడుంటాయి. మొదటి ఆర్డర్‌కే వాట్సాప్‌లో లొకేషన్ తీసుకుని, ఆ ఇంటి గుర్తును ఫోన్ నంబరు పక్కన రాసిపెట్టుకోండి. న్యూటౌన్, పద్మావతి కాలనీ, మెట్టుగడ్డ అంటూ ఊరినంతా మొదటి రోజే ఒప్పుకోవద్దు. ఒక్క వైపు తీసుకోండి. రైలు పట్టాలకు అటు ఒక పిల్లగాడు, ఇటు ఒక పిల్లగాడు ఉంటేనే రెండో వైపు జోలికి పోండి.

కాగితాలు, ప్యాకింగ్

చిన్న వంటిళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి వంద రూపాయలు. పద్నాలుగు అంకెల నంబరు వస్తుంది, అది బిల్లు మీద ఉండాలి. లేని హోటల్‌ను తీసుకోకండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరైనా పైసలడిగితే ఇవ్వకండి. మిర్చి బజ్జీ అయినా సరే, పేపర్లో చుట్టిస్తే వద్దనండి. అచ్చు సిరా తిండికి అంటుతుందని ఎఫ్ఎస్ఎస్ఏఐ దాన్ని వాడొద్దంది.

సాంబారు కవరును బిర్యానీ డబ్బా మీద పెట్టొద్దు. మొదటి వారంలోనే ఒక టీచరమ్మ ఇంట్లో పుట్టినరోజు భోజనమంతా సాంబారన్నమైంది. ఆవిడ తిట్టలేదు. మళ్లీ ఫోన్ మాత్రం చేయలేదు.

పెద్ద యాప్‌లు ఉండగా మీకేం మిగులుతుంది?

జొన్న రొట్టెలు. ఇంటి దగ్గర రొట్టెలు కొట్టి అమ్మే ఆడవాళ్లు పాలమూరు గల్లీల్లో ఎంతమందో. వాళ్లలో చాలామంది ఏ యాప్‌లోనూ ఉండరు. రాత్రి ఏడింటికి పది ఇళ్లకు రొట్టె, పప్పు, పచ్చడి అని నెలవారీగా కుదుర్చుకుంటే టైము ముందే తెలుస్తుంది, ఒకే తిరుగుడులో పది ఆర్డర్లు పోతాయి. దవాఖానలో పేషెంట్ల వెంట ఉండేవాళ్లు, మెడికల్ కాలేజీ హాస్టళ్లు కూడా అలాంటివే. కార్తీక మాసంలో మాంసం ఆర్డర్లు పడిపోతే నన్ను నిలబెట్టింది ఈ రొట్టెలే.

యాప్ సంగతి చివర్లో. ఒక ఫోన్, ఒక వాట్సాప్ నంబరుతో ఆర్డర్లు పట్టలేని రోజొస్తే చేయించుకోండి. అయితే హోటళ్ల తిండిని మీ యాప్‌లో అమ్మడం మొదలైతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. 2022 జనవరి 1 నుంచి, అలా అమ్మిన హోటల్ తిండి మీద 5 శాతం పన్ను కట్టాల్సింది హోటల్ కాదు, యాప్ నడిపేవాళ్లు. పైన వేసిన లెక్కలో ఆ 5 శాతం లేదు. బిల్లులో దాన్ని కస్టమర్ దగ్గర వేరుగా తీసుకోకపోతే 220 మీద 11 రూపాయలు పోయి, మీ 15లో నాలుగే మిగులుతాయి. యాప్ చేసేవాళ్లకు అడ్వాన్సు ఇచ్చే ముందే ఆడిటర్‌ను కలవండి.