ఇంట్లో హార్డ్ సైడర్: పులియబెట్టడం తేలికే, సీసాల్లో పోసే దగ్గరే జాగ్రత్త

హార్డ్ సైడర్ అంటే ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసే మద్యం. ఇది అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం. ఇక్కడ ఫెడరల్ చట్టం ప్రకారం పెద్దవాళ్లు ఇద్దరున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. మీ రాష్ట్రం రూల్స్ కూడా చూసుకోండి. ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్స్ లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసే.

గ్యాలన్ గాజు జగ్గు, రబ్బరు బిరడా, ఎయిర్‌లాక్ (గ్యాస్‌ను బయటికి పోనిచ్చి గాలిని లోపలికి రానివ్వని మూత), హైడ్రోమీటర్ (రసంలో చక్కెర ఎంతుందో అంకెలో చూపే పరికరం), సన్నటి పైపు. రసం తగిలే ప్రతిదాన్నీ శానిటైజ్ చేయండి. సామాన్ల సంగతి అంతే.

అక్టోబర్‌లో ఆపిల్ తోటల దగ్గర అమ్మే వడకట్టని రసం తీసుకోండి. పాశ్చరైజ్ చేసినదైనా పర్వాలేదు. లేబుల్ మీద పొటాషియం సార్బేట్ (నిల్వ ఉండడానికి కలిపేది) కనబడితే మాత్రం అక్కడే వదిలేయండి, అది సరిగ్గా పులవదు. రసాన్ని మరిగించమనే సలహాలు వినొద్దు. మరిగిస్తే ఆపిల్‌లోని పెక్టిన్ అనే జిగురు వల్ల మసకబారుతుంది, తర్వాత తేటపడడం కష్టం. బ్రెడ్ ఈస్ట్ అసలొద్దు. పులుస్తుంది, కాదనను, కానీ మడ్డి గట్టిగా దిగదు. షాంపేన్ ఈస్ట్ కోసం అందరూ ఎగబడతారు గానీ, దాంతో ఆపిల్ రుచి పలచబడిపోతుంది. ఎస్-04 అనే ఏల్ (ఒక రకం బీరు) ఈస్ట్ సగం ప్యాకెట్ వేయండి, చాలు.

ఈస్ట్ వేసేముందు హైడ్రోమీటర్ అంకె రాసుకోండి. జగ్గులో నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి, లేకపోతే దోసెల పిండిలా రాత్రికి రాత్రే పొంగి అల్మారా అంతా పాడుచేస్తుంది. 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చీకట్లో, రెండు మూడు వారాలు ఉంచండి. మధ్యలో కుళ్లిన గుడ్డు వాసన వస్తే టెన్షన్ పడకండి, మామూలే.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. బుడగలు ఆగాయని సీసాల్లో పోసేస్తారు. బుడగలు ఆగినంత మాత్రాన పులవడం అయిపోయినట్టు కాదు, చలికి ఈస్ట్ మందగించి ఉండొచ్చు. మిగిలిన చక్కెర మూత బిగించిన సీసాలో పులిస్తే గ్యాస్‌కి దారి ఉండదు, గాజు పేలుతుంది. మొదట 1.050 ఉన్న అంకె 1.000కి గానీ ఇంకా కిందికి గానీ దిగాలి. మూడు రోజులాగి మళ్లీ చూసినా కదలకూడదు. అప్పుడు ఆల్కహాల్ సుమారు 6.5 శాతం ఉన్నట్టు.

మడ్డి కదలకుండా పైపుతో పైతేట తీసుకోండి. సీసాలో కాస్త గ్యాస్ పట్టడానికి గ్యాలన్‌కు 25 గ్రాముల పంచదార, కాసిన్ని నీళ్లలో మరిగించి చల్లార్చి కలపండి. చెంచాలతో కొలవకండి, త్రాసులో తూచండి. తియ్యగా ఉండాలని ఇంకో గుప్పెడు వేశారా, బాంబు తయారుచేసినట్టే. తీపి కావాలంటే గ్లాసులో కలుపుకోండి. సీసాలు కూడా బీరువో షాంపేన్‌వో అయ్యుండాలి. పచ్చడి సీసాలు, ముచ్చటగా ఉన్నాయని కొన్న పలకల సీసాలు ఆ ఒత్తిడికి ఆగవు.

ఒక సోడా ప్లాస్టిక్ బాటిల్ కూడా నింపండి. అన్నిటినీ మూతున్న డబ్బాలో పెట్టి, ఆ ప్లాస్టిక్ బాటిల్‌ను రోజూ నొక్కి చూడండి. బొటనవేలికి లొంగనంత గట్టిపడగానే అన్నీ ఫ్రిజ్‌లోకి.

బాగా చల్లబడ్డాక, అడుగున మడ్డి లేవకుండా నెమ్మదిగా పోయండి. పక్కన మిరపకాయ బజ్జీ గానీ కోడి వేపుడు గానీ ఉండాలి. పులిహోర వద్దు, పులుపు మీద పులుపవుతుంది.