ఆసుపత్రి డిజైన్ స్టూడియో మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు సైటు తీసుకుని ఆర్కిటెక్చర్ విద్యార్థులకు స్టూడియోలో, అంటే డిజైన్ క్లాసులో, 100 పడకల ఆసుపత్రి డిజైన్ చేయమని ఇస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి.

• ప్లాన్ కంటే ముందు దారులు గీయించండి. రోగి, తోడు వచ్చినవాళ్లు, భోజనం బండి, మాసిన గుడ్డలు, శవం: ఐదింటికీ ఐదు రంగులు. శవం దారి ఓపీ జనం మధ్య నుంచి వెళ్తే ఆ ప్లాన్‌ను అక్కడే ఆపండి.

• ఎక్కువమంది తప్పేది ర్యాంపు దగ్గర. వాలు 1:12 దాటకూడదు, అంటే మీటరు ఎత్తుకు కనీసం 12 మీటర్ల పొడవు. అంతస్తు ఎత్తు 3.6 మీటర్లయితే వాలు భాగమే 43.2 మీటర్లు, మలుపుల దగ్గర చదును దానికి అదనం. చివర్లో ఇరికిద్దామంటే చోటుండదు, వార్డులు చెడతాయి. స్తంభాల గ్రిడ్ వేయకముందే దాని చోటు తేల్చాలి.

• కారిడార్ 2.4 మీటర్లని కాగితం మీద రాస్తే పిల్లలకు అర్థం కాదు. క్లాసు నేల మీద సుద్దముక్కతో మలుపుతో సహా గీసి, రెండు మీటర్ల బెంచీని స్ట్రెచర్‌లా నలుగురితో మోయించి తిప్పించండి. ఎదురుగా మరొకరిని నడిపించండి. గోడకు ఆనించి కుర్చీలు వేస్తే ఎంత మిగులుతుందో అప్పుడు కళ్లారా చూస్తారు.

• 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను బరంపురం పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. జనరేటర్, కరెంటు ప్యానెల్ సెల్లార్‌లో పెట్టనివ్వకండి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో సైటు పక్క ఇళ్లవాళ్లను అడిగి రమ్మనండి.

• బోర్డులు ఒడియాలోనూ తెలుగులోనూ. చదవలేనివారికి నేల మీద రంగు గీత.

• రెండో వారంలోనే 1:200 (అసలు కొలతలో రెండు వందల వంతు) అట్ట మోడల్. అది చూడకుండా కంప్యూటర్ డ్రాయింగ్ ఒప్పుకోవద్దు.